నవ్వు మంచిగ రాలే

సిద్దిపేట కోర్టు దారిలో ఒక టైలరు దుకాణం పైన రెండు గదులు అద్దెకు తీసుకుని న్యాయవాది జ్ఞానేశ్వరి పని చేసుకుంటుంది. అన్నదానాలు చేసేవాళ్ళకూ ఆశ్రమాలు నడిపేవాళ్ళకూ సంఘం కాగితాలు సరిచేసి పెట్టడం ఆమె పని. పుణ్యం చేసేవాళ్ళకు కాగితాలంటే ఎంత అలుసో ఆమెకు తెలిసినంతగా ఊళ్ళో ఇంకెవరికీ తెలియదు. ఆ రోజు పొద్దున్నే మెట్లెక్కి వచ్చిన, పెద్దాసుపత్రి దగ్గర నాగేశం నడిపే ‘చల్లని చేయి’ అన్నదాన సంఘం వంటమనిషి రాములవ్వ మంచినీళ్ళు కూడా ముట్టకుండా పావుగంట నుంచి మండిపడుతూనే ఉంది.

“కాల్చిపారేయాలె బిడ్డా. ఆ సంఘం బోర్డు, ఆ ఫ్లెక్సీలు, ఆ నాగేశం కూసునే కుర్సీ, అన్నీ. ఎట్ల కాల్చాల్నో నువ్ చెప్పు, అగ్గిపెట్టె నేనే తెచ్చుకుంట.”

“అగ్గిపెట్టె పని నాది కాదు అవ్వా. నేను వకీల్ని.”

“గందుకే నీ తానకొచ్చిన. అగ్గిపెట్టె లేకుంట కాల్చేటోళ్ళు మీరే గద.”

“ముందుగాల కూసో. ఈ పోలీసు కాయిదం ఎప్పుడిచ్చిన్రు నీకు?”

“నిన్న. ఇంటికొచ్చి ఇచ్చి పోయిండు. వాడకట్టంత నిలబడి చూసిన్రు. ‘రాములవ్వా, నువ్ సంఘం ఆస్తి నాశనం చేసినవట, రేపు స్టేషన్‌కు రా’ అన్నడు.”

“చేసినవా?”

“ఏంది?”

“నాశనం.”

“కోసిన.”

“దేంతోని?”

“కొడవలితోని. ఇంకా దేంతోని కోస్తరు?”

“అవ్వా, అడిగినోళ్ళందరికి ఇంత సక్కగ చెప్పకు.”

“నువ్ అడిగితివి గద.”

“నాకు చెప్పు. స్టేషన్ల అడిగితే మా వకీలమ్మను అడుగున్రి అను. ఇప్పుడు మొదటికెళ్ళి చెప్పు. నువ్ కోసిన ఫ్లెక్సీల ఏముండె?”

“నా మనుమరాలు.”

“సాయిప్రియనా? డిగ్రీ సదువుతున్నదంటివి.”

“మొదటి ఏడు. ఆ పొద్దు నేను బీపీ గోలీలు మర్సి పనికి పోయిన. కాలేజీకి పోతా పోతా నాకిచ్చి పోదామని పెద్ద దవాఖాన గేటు కాడికొచ్చింది. అన్నం కోసం రాలే బిడ్డా. నీకు మల్ల మల్ల చెప్తున్న, పోరి ఇంట్ల తినే వచ్చింది.”

“నమ్ముతున్న. చెప్పు.”

“నాగేశం చూసిండు. పోరి మొకం కళగ ఉంటది. ‘ఇటు రా బిడ్డా, జర ఈ పల్లెం పట్టుకో, ఒక్క నిమిషం’ అన్నడు. మా అవ్వ పని చేసే కాడి సారు గదా అని అది పట్టుకుంది. నేను గంటె వట్టుకొని ఆడనే ఉన్న. ఫోటో తీపిచ్చిండు. పల్లెం గుంజుకున్నడు. మల్ల ఇచ్చిండు, మల్ల తీపిచ్చిండు.”

“మల్ల ఎందుకు?”

“నవ్వు మంచిగ రాలే అన్నడు.”

“ఏమన్నడు?”

“నవ్వు మంచిగ రాలే అని. ఇనవడలేదా?”

“ఇనవడ్డది. గదే మాట అన్నడా అని.”

“గదే మాట. నేను ఆడనే ఉంటి గద. ఏం, రాసుకుంటున్నవా?”

“ఆఁ, రాసుకుంటున్న. తర్వాత?”

“తర్వాత పది రోజులకు ఫ్లెక్సీలు కట్టిన్రు. దవాఖాన గేటుకొకటి, పాత బస్టాండు కాడొకటి. మనిషికి రెండింతల ఎత్తు. నాగేశం వడ్డిస్తున్నడు, నా మనుమరాలు రెండు చేతులు చాపి నవ్వుతున్నది. కింద పెద్ద పెద్ద అచ్చరాలు. నాకు సదువు రాకపాయె. ఏం రాసిన్రు బిడ్డా అని దాన్నే అడిగిన. నా నోరు వడిపోను, దాన్నే అడిగిన.”

“ఏం రాసిన్రు?”

“‘అనాథ ఆకలి తీర్చే చల్లని చేయి’ అని.”

“అనాథ.”

“దాని తల్లి బతికే ఉన్నది. నా బిడ్డ మహేశ్వరి పొద్దందాక బీడీలు చుట్టి దాన్ని సదివిస్తున్నది. నేనున్న. అనాథ ఎట్లయితది? కాలేజీల పోరగాండ్లు ఆ బొమ్మను ఫోన్లల్ల పంపుకున్నరట. ‘అనాథా, తిన్నవా?’ అని అడుగుతున్నరట. ఇరవై రోజులాయె, పోరి గడప దాటుతలేదు. మొన్న మా మహేశ్వరి బీడీలు అప్పజెప్పి వస్తా వస్తా ఆ ఫ్లెక్సీ కింద నిలబడి...”

“నిలబడి?”

“వద్దులే. తల్లి బతికుండంగ బిడ్డను అనాథ అంటే ఆ తల్లిని సంపినట్టే గద. గంతే.”

“నాగేశం గారికి చెప్పినవా?”

“చెప్పిన. కాళ్ళ మీద పడలే గాని, అంత పని చేసిన. ‘మూడు నెలలు ఉంటది రాములవ్వా, ఆ ఫోటో చూసి ఎంతమంది బియ్యం ఇస్తున్నరో ఎరికేనా? నీ మనుమరాలి మొకంతోని పుణ్యం వస్తున్నదనుకో’ అన్నడు. ఆ పుణ్యం నీ బిడ్డ మొకంతోని తెచ్చుకో పో అన్న నేను.”

“అని ఊకున్నవా?”

“ఆయన ఊకోలే. రేపటికెళ్ళి పనిలకు రాకు అన్నడు. పన్నెండేండ్లు వండిన ఆయన పొయ్యి మీద. ఒక్క పూట మాడనియ్యలే. నేను ఇంటికి పోయిన, కొడవలి తెచ్చుకున్న. కోసిన తెల్లారికే ఆ జాగల ఇంకోటి కట్టిచ్చిండు, దానికన్న పెద్దది.”

“సరే. నోటీసు పంపిస్తే భయపడి ఫ్లెక్సీలు తీసేస్తడు. పోలీసు కాయిదం వాపస్ తీసుకుంటడు. సరిపోతదా?”

“సరిపోదు.”

“మరి?”

“నా పోరి నిలబడ్డట్టు ఆయన నిలబడాలె. పల్లెం వట్టుకొని, రెండు చేతులు చాపి. నేను చూడాలె.”

“గసొంటి శిక్ష ఏ కోర్టుల లేదు అవ్వా.”

“అయితే సంఘం మూతపడాలె.”

“మూతపడితే దవాఖాన కాడ రోజుకు మూడొందల మంది ఉపాసముంటరు. పేషెంట్ల తోని వచ్చినోళ్ళు, కుకునూరుపల్లి నుంచి, దుబ్బాక నుంచి.”

“ఉండనీ.”

“నిజంగనే అంటున్నవా?”

“ఏందిట్ల అడుగుతవ్?”

“అడుగుతున్న. చెప్పు.”

“నాకు ఆయన మీద కోపం బిడ్డా. అన్నం మీద కాదు.”

“గా మాట కోసమే అడిగిన. అయితే ఇగ ఇది చూడు.”

“ఇదేంది, మా సంఘం కాయిదమే గద. పైన ఈ బొమ్మ ఎప్పటికీ ఉంటది. ముందటి పన్ను ఊడిన చిన్న పోరి, చేతుల స్వెటరు. ఎవలీ పోరి?”

“ఎవరో. బొమ్మ కాదు, కింద చూడు. సంఘం పెట్టిననాడు రిజిస్ట్రేషన్ చేసిన కాయిదం ఇది. సంఘం పెట్టాలంటే తక్కువల తక్కువ ఏడుగురు సభ్యులు కావాలె. ఊళ్ళె పెద్దోళ్ళను పెట్టుకుంటే రేపు పెత్తనం అడుగుతరని నాగేశం గారు వద్దనుకున్నడు. తను, బామ్మర్ది కర్ణాకర్, మేనమామ, పూజలు చేసే అయ్యగారు. నలుగురు. ఇంక ముగ్గురు కావాల్నాయె. బండి నడిపే రాజనర్సు, బాసాన్లు తోమే కాశయ్య. ఆరుగురు.”

“ఏడోది?”

“ఈ ఏలుముద్ర ఎవరిది?”

“ఏమో. ఏలుముద్రలన్నీ ఒక్క తీరుగనే ఉంటయ్... ఆగు. ఓపారి నన్ను ఓ వకీలు ఇంటికి తోల్కపోయిండు. ‘వంట సామాను కోసం, ఇక్కడ నొక్కు’ అన్నడు. గదేనా?”

“గదే.”

“నీకెట్ల తెలుసు?”

“ఆ కాయిదం టైపు కొట్టింది నేనే. అప్పుడు ఆ పెద్ద వకీలు సాబ్ దగ్గర టైపు చేసుకుంట సదువుకుంటుంటి. ఏడో పేరు ఎవరిది రాయాలె సార్ అని అడిగిన. ‘ఎవరిదో ఒకరిది కొట్టమ్మా, ఉత్త పేరే గద’ అన్నడు. అప్పుడే నువ్ చాయ్ పట్టుకొచ్చినవ్.”

“చాయ్ తెస్తే పేరు రాస్తరా?”

“నేను రాసిన.”

“ఎందుకు?”

“చాయ్ మంచిగుండె.”

“నాతోని పరాచికాలా?”

“కాదు. ఇను. మేనమామ పోయిండు, అయ్యగారు పోయిండు. వాళ్ళ జాగల ఎవరినీ చేర్చుకోలే. ఏటేటా రిజిస్ట్రారు ఆఫీసుకు అదే లిస్టు పంపుతున్నరు. ఇప్పుడు సంఘంల ఉన్నది అయిదుగురు. అండ్ల ఇద్దరు వాళ్ళు.”

“ముగ్గురం మేము.”

“ముగ్గురు మీరు. ముగ్గురు సభ్యులు రాసిస్తే సభ పెట్టాల్సిందే అని సంఘం కట్టుబాట్లల్ల ఉన్నది. ఇరవై ఒక్క రోజుల ముందు నోటీసు ఇయ్యాలె. సభల చేతులెత్తి ఏది ఒప్పుకుంటే గదే నడుస్తది. సంఘాన్ని కాల్చుకుంటవో, ఏలుకుంటవో నీ ఇష్టం.”

“రాజనర్సు వస్తడు. కాశయ్య మాట్లాడడు గాని, చెయ్యెత్తుతడు. నీకెంత ఇయ్యాలె?”

“ఏమొద్దు.”

“ఎందుకొద్దు? ఉత్తగ పని చేసేటోళ్ళను నేను నమ్మ. నాగేశం గూడ ఉత్తగనే పెడుతుండె.”

“అయితే పది రూపాయలియ్యి.”

“ఇగో. ఇప్పుడు నువ్ నా వకీలువి. మీదేవూరు బిడ్డా?”

“దుబ్బాక.”

“మీ బాపు ఏం చేస్తుండె?”

“మగ్గం నేస్తుండె. చీరెలు, తువ్వాలలు. ఏలుముద్ర ఇక్కడ పెట్టు అవ్వా. ఆగు, ముందుగాల ఏం రాసిందో సదివి చెప్త, ఇన్నంక పెట్టు.”

ఇరవై రెండో రోజు మధ్యాహ్నం, వడ్డన అయిపోయాక, ‘చల్లని చేయి’ సంఘం వంటశాలలోనే సభ పెట్టారు. కర్ణాకర్ దుకాణంలో గిరాకీ ఉందని రానే లేదు. నాగేశం మాత్రం ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ఇదేదో పిల్లల ఆట అన్నట్టు నవ్వుతూ వచ్చాడు.

“ఏంది రాజనర్సూ, బండి కాడ ఉండక కుర్సీల కూసున్నవ్? కాశయ్యా, నువ్ గూడనా? మంచిగున్నది. మేడం, చాయ్ ఏమన్న తెప్పియ్యాల్నా? అందరు పెద్దమనుషులైరి.”

“చాయ్ వద్దు నాగేశం గారూ. కూసోన్రి. సభ మొదలైంది.”

“సభనా? ఉన్నదే నలుగురం. అండ్ల ఒకామెను నేను పనిల నుంచి తీసేసిన.”

“పనిల నుంచి తీసేసిన్రు. సభ్యత్వం నుంచి తియ్యలే.”

“సభ్యత్వమా? రాములవ్వకా? ఆ మాట ఆమెకు పలకొస్తదా?”

“పలకరాకపోతేంది సారూ. వండొస్తది, కొయ్యొస్తది.”

“చూసిన్రా మేడం, ఎట్ల మాట్లాడుతున్నదో? ఆ పేరు ఏదో ఏడుగురు కావాలంటే పెట్టింది. మీకు తెల్వందేముంది. అందరు గట్లనే పెడతరు. డ్రైవర్ది, వంటామెది, ఇంటి పక్కాయనది.”

“అందరు పెడతరు. అందరి వంటామెలు నా దగ్గరికి రారు.”

“అదొక సభ్యత్వమా అని అంటున్న.”

“పన్నెండేండ్ల నుంచి పన్నెండు లిస్టులు పంపిన్రు. ప్రతీదాంట్ల ఏడో పేరు రాములవ్వది, కింద దస్తఖత్ మీది. ఆమె సభ్యురాలు కాదంటే ఆ పన్నెండు కాయిదాలు అబద్ధాలని మీరు ఒప్పుకున్నట్టు. రాసిస్తరా?”

“మేడం, గంత దూరం ఎందుకు...”

“రాసిస్తరా, కూసుంటరా?”

“కూసుంటున్న.”

“మొదటి తీర్మానం సదువుతున్న. అన్నం తీసుకునేటోళ్ళ ఫోటో ఇగ ముందు ఎవరూ తియ్యొద్దు, ఎక్కడా పెట్టొద్దు. ఇప్పుడున్న ఫ్లెక్సీలన్నీ ఈ పొద్దే దించాలె. రాములవ్వ మీద ఇచ్చిన పోలీసు ఫిర్యాదు వాపస్ తీసుకోవాలె.”

“ఒక్క నిమిషం. నన్ను గూడ మాట్లాడనియ్యున్రి. నేనేమన్న దొంగనా? నాకు ఆకలి తెల్వదా? చిన్నప్పుడు స్టీలు సామాన్ల దుకాణంల పని చేసుకుంట, గిరాకోళ్ళు తిని పడేసిన బన్ను తిన్నోన్ని. ఎవల కడుపు మాడొద్దనే ఇది పెట్టిన. దాతలు ఊకె ఇయ్యరు మేడం. మా బియ్యం ఎవలు తిన్నరు, చూపెట్టు అంటరు. ఏం చూపెట్టాలె నేను?”

“ఖాళీ గిన్నె ఫోటో తీసి చూపెట్టు సారూ.”

“ఏంది?”

“పొద్దుగాల నిండు గిన్నె తియ్యి, మూడు గొట్టంగ ఖాళీ గిన్నె తియ్యి. మధ్యల మనుషులు తినకుంటే అన్నం యాడికి పోయింది? గింత తెలివి నీకు పన్నెండేండ్ల నుంచి రాకపాయె.”

“గిన్నె ఫోటో చూసి ఎవలేడుస్తరు రాములవ్వా? దాత ఏడ్వాలె. ఏడిస్తేనే చెయ్యి జేబులకు పోతది.”

“దాత ఏడ్వాలని నా బిడ్డ బతికుండంగనే దాని బిడ్డను అనాథను చేసినవా?”

“అది... అది ఫ్లెక్సీ కొట్టేటాయన రాసిండు. ఎప్పుడు రాసే మాటలే రాసిండు. నేను సదివి చూస్కోలే.”

“పోరి సదివింది.”

“చేతులెత్తున్రి. మొదటి తీర్మానం ఒప్పుకునేటోళ్ళు.”

“రాజనర్సూ, ఆగు. నీకు బండి ఎవలిచ్చిన్రు? యాదికున్నదా?”

“యాదికున్నది సార్. తాళంచెవి ఇచ్చేటప్పుడు ఫోటో తీసిన్రు. మా అత్తగారి ఊళ్ళె కట్టిన్రు. మా బామ్మర్దులు ఇప్పటికీ ఆ ఫోటో ఫోన్ల పెట్టుకొని నవ్వుతరు. చెయ్యెత్తుతున్న సార్, ఏమనుకోకున్రి.”

“కాశయ్యా?”

“కాశయ్య ఎత్తి చానసేపైంది మేడం. పెద్దమనిషి, ఇగ దించమని చెప్పున్రి.”

“రాములవ్వ, రాజనర్సు, కాశయ్య. ముగ్గురు. అయిపోయింది. రెండో తీర్మానం, సంఘం అధ్యక్షురాలిగ రాములవ్వ.”

“మేడం! మేడం, ఇది నా సంఘం. నేను కన్నది. ఈ గిన్నెలు నా దుకాణంలకెళ్ళి తెచ్చినయ్. ఆ లెటరుహెడ్డు మీద ఫోటో చూడున్రి. ఇరవై అయిదేండ్ల కింద, దుబ్బాకల మగ్గాల వాడ. అప్పటికి సంఘం లేదు, రిజిస్ట్రేషన్ లేదు, నేనొక్కన్నే. చలికాలం నా సొంత పైసలతోని స్వెటర్లు కొని పంచిన. ఆ పిల్ల నవ్వు చూడున్రి. ఆ నవ్వు చూసే ఎంతోమంది మాకు ఇచ్చిన్రు.”

“ఆ పిల్ల పేరేంది?”

“పేరా?”

“పేరు. ఇన్నేండ్లు ప్రతి కాయిదం మీద అచ్చేయించిన్రు గద.”

“ఆ పొద్దు వంద మందికి ఇచ్చినం మేడం, పేరెవలకు యాదుంటది? నేసెటోళ్ళ పిల్ల ఎవలో. పేరుతోని ఏం పని? నవ్వు మంచిగొచ్చింది.”

“రెండో తీర్మానం. చేతులెత్తున్రి... ముగ్గురు. అయిపోయింది. మూడోది, ఆ లెటరుహెడ్డు మీద ఫోటో తీసెయ్యాలె.”

“అదెందుకు బిడ్డా? మనం అనుకున్నప్పుడు ఇది లేకుండె.”

“నేను కలిపిన అవ్వా. మొదటి తీర్మానం కిందికి ఇది గూడ వస్తది. ఎత్తున్రి.”

“ఎత్తినం. ఇగ బోర్డు సంగతి. ఓ సారూ, వాకిట్ల బోర్డు మీద నీ పేరుంటది, వ్యవస్థాపకులు అని. నీ పేరు ఉండాల్నా, తీసెయ్యాల్నా?”

“రాములవ్వా, నీకు దండం పెడత. అధ్యక్షుడి పదవి తీసేసినవ్, అయిపోయింది. ఆ బోర్డు మీద మాత్రం ఉండనియ్యి. పొద్దున లేస్తే ఆ బోర్డు చూస్కుంట షాపుకు పోత. ఊళ్ళె నన్ను ‘చల్లని చేయి నాగేశం’ అంటరు. ఆ పేరు వాయె అంటే ఇగ నేను...”

“గట్లనే నా పోరి పేరు గూడ ఉండె కాలేజీల. సాయిప్రియ అని.”

“తప్పయింది. ఏం చెయ్యమంటవ్ చెప్పు. ఏం చెయ్యమన్నా చేస్త.”

“పల్లెం వట్టుకో.”

“ఏంది?”

“ఆడ నిలబడి, పల్లెం వట్టుకొని, చేతులు చాపు. ఒక్క ఫోటో. ఊళ్ళె కట్టియ్య, ఫోన్లల్ల పంప. ఇంట్ల మా పోరికి చూపెడత, దాని తల్లికి చూపెడత. అంతే. బోర్డు మీద నీ పేరు నీకే ఉంటది.”

“ఫోటోలు తియ్యొద్దని ఇప్పుడే రాసుకుంటిరి గద మేడం!”

“అన్నం తీసుకునేటోళ్ళవి తియ్యొద్దని రాసుకున్నం నాగేశం గారూ. మీరు సంఘం సభ్యులు.”

“రాజనర్సూ, నువ్వన్న చెప్పు.”

“పల్లెం ఇగో సార్.”

“నాది డబ్బా ఫోను, దాంట్ల ఫోటోలు రావు. నువ్ తియ్యి బిడ్డా.”

“తీస్త. వెలుతురు దిక్కు రాన్రి నాగేశం గారూ. ఇంకొంచెం. రెండు చేతులు పల్లెం కింద వెట్టున్రి.”

“ఇట్లనా?”

“ఇంకా ముందటికి చాపున్రి. దూరం నుంచి చూసినా అడుగుతున్నట్టు కనవడాలె.”

“మేడం, ఇది బాగలేదు.”

“మీరు రోజు చెప్పే మాటలే గద సార్.”

“నువ్ ఊకో రాజనర్సూ. అవ్వా, వడ్డించు.”

“ఇగో సారూ, అన్నం. పప్పు వెయ్యనా?”

“వెయ్యి.”

“తల దించకున్రి. కెమెరా దిక్కు. తీసిన.”

“వచ్చిందా? ఏదీ, చూపెట్టు. ఆఁ, వచ్చింది. మంచిగ వచ్చింది. సాలు బిడ్డా, ఇగ పోనీ ఆయనను.”

“పల్లెం వాపస్ తీసుకో అవ్వా.”

“ఎందుకు?”

“తీసుకో. మల్ల ఇయ్యి.”

“వచ్చింది గద.”

“నవ్వు మంచిగ రాలే.”

“మేడం, నేనెట్ల నవ్వాలె? ఇట్ల నిలబెట్టి నవ్వమంటే ఎవలు నవ్వుతరు?”

“నవ్వుతరు. ఇంకో ఫోటో. చేతులు చాపున్రి. తీసిన. లేదు, రాలే. అవ్వా, పల్లెం గుంజుకో. మల్ల ఇయ్యి.”

“బిడ్డా, నీకేమైంది? రెండుసార్లాయె. ముసలాయన, పల్లెం పక్కకు వంగుతున్నది చూడు. పప్పు ఒలుకుతున్నది.”

“ఒలకనీ. తీసిన. మల్ల.”

“నా కోపం సల్లారింది అంటున్న గద.”

“నీది సల్లారింది.”

“మరి ఇది ఎవలిది బిడ్డా?”

“పల్లెం గుంజుకో అవ్వా. మల్ల ఇయ్యి.”

“మేడం, మీ కాళ్ళు మొక్కుత. మూడుసార్లు తీసిన్రు. ఇంకా ఎన్నిసార్లు?”

“దుబ్బాకల ఆ పొద్దు స్వెటరు అయిదుసార్లు నా చేతిల పెట్టి, అయిదుసార్లు వాపస్ గుంజుకున్నరు నాగేశం గారూ. ఆరోసారికి నేను నవ్విన. చేతులు చాపున్రి, మీరింకా నవ్వలే.”